ఐదు అమ్మితే లిమోజిన్

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఈ సంగతి నేనే చెప్పుకోవడం మేలు. ఇంకెవరైనా చెబితే జాలిపడి నన్ను వెనకేసుకొస్తారు, అది నాకు గిట్టదు. తప్పు నాది. పూర్తిగా నాది. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది సులువు.

స్కూళ్ళకు నిధులు పోగుచేయించడం నా పని. పిల్లలు మా కేటలాగు పట్టుకుని ఇంటింటికీ తిరిగి కుకీల పిండి డబ్బాలు అమ్ముతారు. వచ్చినదాంట్లో సగం దాకా వాళ్ళ స్కూలుకు పోతుంది. పిల్లలకు ఉత్సాహం ఎక్కించడం, కాగితాలు పంచడం, బహుమతులివ్వడం, నవంబరులో సరుకు దించడం, అన్నీ నావే. అయోవా రాష్ట్రంలో నాలుగు కౌంటీల్లో పందొమ్మిదేళ్ళుగా ఇదే బతుకు. సెప్టెంబరు వచ్చిందంటే అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు కాబట్టి, ఆగస్టంతా దానికి సిద్ధం కావడంతోనే సరిపోతుంది.

పిల్లలకిచ్చే కాగితాల సంచులు కట్టే పని మాత్రం డ్వేన్ ఓస్టర్‌హౌట్ షెడ్డులో జరుగుతుంది. డ్వేన్ మా కంపెనీ మనిషి కాదు. వేరే కంపెనీ తరఫున పాప్‌కార్న్ అమ్మిస్తాడు. అంటే నాకు పోటీదారు. కానీ ఒక్కరే కూర్చుని పది వేల కాగితాలు సర్దితే ఎవరికైనా మతిపోతుంది. అందుకని తొమ్మిదేళ్ళ కిందట ఒక మాట అనుకున్నాం. అతని స్కూళ్ళ జోలికి నేను పోను, నా వాటి జోలికి అతను రాడు, ఆగస్టులో మాత్రం ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుంటాం. కేటలాగు, ఆర్డరు ఫారం, బహుమతుల కాగితం, డబ్బు పెట్టే కవరు, ఈ నాలుగూ ఒక్కో సంచిలో. క్లాసులో ఎంతమంది పిల్లలుంటే అన్ని సంచులు, పైన ఇంకో రెండు. ఆ రెండూ మరిచిపోతే కొత్తగా చేరిన పిల్ల ఏడుస్తుంది. డ్వేన్ భార్య కారోల్ పోయి రెండేళ్ళయింది, వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంటి ఆవరణలో మనిషి గొంతు గట్టిగా వినపడేది ఈ వారమేనని నాకు తెలుసు. అందుకని నేను మామూలుగా వాగేదానికంటే ఇంకాస్త ఎక్కువ వాగుతాను.

ఆ బుధవారం పొద్దున అలాగే వాగుతూ కవర్లు సర్దుతున్నాను. డ్వేన్ తన కాఫీ కప్పు కింద పెట్టుకున్న కాగితాన్ని బయటికి లాగి చదవడం మొదలుపెట్టాడు. మా ఊరి ఎలిమెంటరీ స్కూలు కోసం అచ్చు వేయించిన బహుమతుల కాగితం అది. స్కూలు తెరవక ముందే తల్లిదండ్రులు వచ్చి క్లాసులు చూసుకునే సాయంత్రం ఒకటుంటుంది. ఆ సాయంత్రానికి కావాలని వాళ్ళు తొందరపెడితే ఆ సంచులు ముందువారమే ఇచ్చేశాను. అవి ముందురోజు సాయంత్రమే పంచారు కూడా.

"రోండా," అన్నాడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "మీ కంపెనీకి లాటరీ ఏమైనా తగిలిందా?"

"ఏం?"

"ఐదు డబ్బాలు అమ్మితే చాలట, లిమోజిన్‌లో పిజ్జా భోజనానికి తీసుకెళ్తారట."

"ఇరవై ఐదు. నీ కళ్ళు డాక్టరుకి చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?"

"నా కళ్ళు బానే ఉన్నాయి తల్లీ. ఇరవై ఐదు అమ్మితే రబ్బరు బాతు. ఇదిగో, బొమ్మ కూడా ఉంది. పాపం, ఒక్క బాతు కోసం ఎంత తిరగాలో."

కాగితం లాక్కుని చూశాను. అతను చదివింది నిజమే. జూలైలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ కాగితం మీద స్కూలు పేరు చేర్చింది నేనే. పై వరుస కిందికి, కింది వరుస పైకి ఎప్పుడు జరిపానో దేవుడికే తెలియాలి. అచ్చుకు ముందు 'సరిచూశాను' అని సంతకం పెట్టింది కూడా నేనే.

లిమోజిన్ అంటే మాటలా, అంత పొడవాటి అద్దె కారు! ఏటా ఇరవై ఐదు అమ్మేవాళ్ళు మహా అయితే పదిమంది తేలతారు. నగరం నుంచి ఒక కారు తెప్పిస్తే ఒక్క విడతలో సరిపోతుంది. ఐదు డబ్బాలు ఎవరు అమ్మలేరు? అమ్మమ్మ, నానమ్మ, మేనత్త, పక్కింటివాళ్ళు, నాన్న పనిచేసే చోట ఒకరు. ఐదు పూర్తి. ఆ స్కూల్లో పిల్లలు మూడు వందల పన్నెండు మంది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు డ్వేన్ మెల్లిగా.

నేను మంచిదాన్నయితే ఏడ్చేదాన్ని. నాకు కోపం వచ్చింది. "నీకేం? ఆ స్కూలు నా చెయ్యి జారితే తిన్నగా నీ ఒళ్ళో పడుతుంది. హాయిగా పాప్‌కార్న్ అమ్ముకో!" అన్నాను.

అతను చేతిలో కట్ట బల్లమీద పెట్టి దాని అంచులు సరిచేశాడు. "ముందు క్రెయిగ్‌కి ఫోన్ చెయ్యి," అన్నాడంతే.

క్రెయిగ్ మా మేనేజరు. వయసు ముప్పై నాలుగు, దేనికీ చెమట పట్టదు. "దీనికింత కంగారెందుకు? పొరపాటు జరిగిందని రేపు ఒక లెటరు పంపించెయ్. అయిపోతుంది," అన్నాడు.

"పిల్లలు నిన్ననే అమ్మడం మొదలుపెట్టుంటారు క్రెయిగ్."

"అయితే ఇంకా త్వరగా పంపించు. లెటరు పంపకపోతే ఆ ఖర్చంతా నీ కమీషన్‌లోంచే. ఆ స్కూలు గనక పోయిందా, నీ నాలుగు కౌంటీలు పక్క ఏరియాలో కలిపేస్తాం. తర్వాత చెప్పలేదనకు."

నాకు యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. నా సంపాదనలో మూడో వంతు ఆ ఒక్క స్కూలు నుంచే. ఈ పని పోతే నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? డ్వేన్‌కు వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా ట్రక్కెక్కి స్కూలుకు బయలుదేరాను. దారిలో ఆగి డోనట్లు ఒక పెట్టె కొన్నాను. మా పనిలో ఒక సంగతి మొదటి ఏడే నేర్చుకుంటాం: ప్రిన్సిపాల్ సంతకం పెడతాడు, సెక్రటరీ నిర్ణయిస్తుంది. డోనట్లు ఎప్పుడూ సెక్రటరీకే.

ఆర్లీన్ ప్రూయిట్ ఆ కుర్చీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంది. ఎనిమిదిమంది ప్రిన్సిపాళ్ళను సాగనంపింది. నన్ను చూడగానే, "రా, ధర్మదాతా," అంది. "నిన్న సాయంత్రమే చూశానులే కాగితం. మూడు వందల మందిని కారెక్కిస్తున్నావు, నీకు ఇంత పెద్ద మనసుందని నాకు తెలియనే తెలియదు."

"పొరపాటైపోయిందండీ. మా మేనేజరు లెటరు పంపమంటున్నాడు."

ఆర్లీన్ డోనట్ల పెట్టె మూత మూసేసింది. అది మంచి సూచన కాదు.

"నీకంటే ముందు వచ్చిన కంపెనీ సంగతి నీకు చెప్పానా? అందరికంటే ఎక్కువ అమ్మిన క్లాసుకి నీళ్ళ పార్కు ప్రయాణం అన్నారు. తీరా అమ్మాక, ఖర్చు ఎక్కువవుతోంది, బదులుగా పెన్సిళ్ళు ఇస్తామని లెటరు పంపారు. ఆ లెటరు పిల్లల చేతుల్లో పెట్టింది నేను. మూడో తరగతి పిల్ల ఒకతి నా బల్ల దగ్గరికి వచ్చి, 'మిసెస్ ప్రూయిట్, మీకు ముందే తెలుసా?' అని అడిగింది. ఆ మర్నాడే వాళ్ళను పంపించేసి నిన్ను రానిచ్చా. ఇంకో లెటరు ఈ చేత్తో పంచను రోండా. నువ్వు పంచుకుంటానంటే పంచుకో. మళ్ళీ ఈ గుమ్మం మాత్రం తొక్కకు."

అంతలో వాళ్ళమ్మతో కలిసి ఏదో మందుల ఫారం ఇవ్వడానికి వచ్చిన పిల్ల ఒకతి నా మెడలోని బ్యాడ్జీ చదివింది. ఎనిమిదేళ్ళుంటాయి. పేరు టెస్సా అట.

"కారు ఇచ్చే ఆంటీ మీరేనా? నేను ఐదు అమ్మేశా."

"అప్పుడేనా?"

"మా తాతయ్య మూడు కొన్నాడు. ఆయనకి షుగరు. తినడట, ఫ్రీజర్లో పెట్టుకుని రోజూ చూసుకుంటాడట." కొంచెం దగ్గరికి జరిగింది. "ఆ కారులో ఎదురెదురుగా కూర్చోవచ్చా? ఈ చివర నుంచి ఆ చివర దాకా కాళ్ళు చాపినా అందవా?"

"అందవు," అనేశాను. నా నోరు అంతే కదా.

స్కూలు ముందు ట్రక్కులో కూర్చునే లిమోజిన్లు అద్దెకిచ్చే వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన నేను చెప్పిన సంఖ్య విని నవ్వాడు. ఇంకొకావిడ చెప్పిన రేటు విని నాకే నవ్వొచ్చింది. ఆఖరికి స్టీరింగు మీద తల వాల్చి పట్టపగలు, స్కూలు ముందు, ఆర్లీన్ కిటికీలోంచి కనపడేలా భోరున ఏడ్చాను. క్రెయిగ్‌కు మాత్రం ఒక్క మాట పంపాను: లెటరు పంపను, ఏమైనా చేసుకో. డ్వేన్‌కు ఫోన్ చేద్దామనిపించింది. ఆ మాట అన్నాక ఏ మొహం పెట్టుకుని చేస్తాను?

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఎవరో తలుపు కొట్టారు. జుట్టు కూడా దువ్వుకోకుండా వెళ్ళి తీశాను. మా ఇంటి ముందు పొడవాటి నల్ల కారు. దాని పక్కన నల్ల కోటు తొడుక్కుని మైలో స్టెన్‌బర్గ్. మా ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం మూడు తరాలుగా వాళ్ళదే. గుమ్మంలో డ్వేన్.

"అయ్యో దేవుడా, ఎవరు పోయారు?" అన్నాను.

"నీ పరువు పోయిందని విన్నాం. చూసి పోదామని వచ్చాం," అన్నాడు డ్వేన్.

మైలో టోపీ తీశాడు. ఆయన ఏం మాట్లాడినా ఓదార్చినట్టే ఉంటుంది. "శవాన్ని తీసుకెళ్ళే బండి వేరండీ, రోండా గారూ. ఇది కుటుంబం కూర్చునే కారు. ఇలాంటివి రెండున్నాయి. ఒక్కోదాంట్లో వెనక ఎనిమిదిమంది పడతారు. శుక్రవారాలు మాకు పని తక్కువ. దూరం నుంచి బంధువులు రావాలని అందరూ శనివారమే పెట్టుకుంటారు."

వెళ్ళి కారు వెనక తలుపు తీసి సీట్లు లెక్కపెట్టాను. నిజంగానే ఎనిమిది.

డ్వేన్ జేబులోంచి మడతపెట్టిన పాప్‌కార్న్ ఆర్డరు ఫారం తీశాడు. దాని వెనక పెన్సిలుతో గళ్ళు గీశాడు. ఏడు శుక్రవారాలు, రెండు కార్లు, మధ్యాహ్నం మూడేసి విడతలు. వెళ్ళేటప్పుడు కారు, వచ్చేటప్పుడు స్కూలు బస్సు. ముందురోజంతా ఊరంతా తిరిగి, రెండో కారు నడపడానికి మైలో బావమరిదిని ఒప్పించి, పిజ్జా కొట్టు డోనా చేత శుక్రవారం మధ్యాహ్నాలు వెనక గది ఖాళీగా ఉంచుతానని మాట తీసుకున్నాడు. పిల్లలను ఎక్కించి దించేది తనేనట. పిజ్జాల ఖర్చు నాది. అంటే ఈ ఏడాది ఆ స్కూలు మీద నాకు మిగిలేది సున్నా. ఫరవాలేదు, సున్నాతో బతకవచ్చు. మాట తప్పి ఈ ఊళ్ళో బతకలేను.

"శుక్రవారాలు నీకెలా కుదురుతాయి? నీ స్కూళ్ళలో అమ్మకాలు మొదలుపెట్టే మీటింగులన్నీ శుక్రవారాలే కదా?" అన్నాను.

"ఈ ఏడాది సోమవారాలకు మార్చుకున్నా. సోమవారం పిల్లలు ఉత్సాహంగా ఉంటారు."

"అబద్ధం. సోమవారం పిల్లలు ఆవలిస్తుంటారు. నువ్వే చెప్పావు."

"అవును, అబద్ధమే," అని ఒప్పుకున్నాడు.

"డ్వేన్, నిన్న నేనన్న మాట..."

"ఏ మాట? రోజుకు నలభై అంటావు. ఏదని గుర్తుపెట్టుకోను?"

మైలో దగ్గాడు. "రెండు షరతులండీ. కారులో ఏమీ తినకూడదు. ఆ రోజు ఎవరైనా పోతే ముందు వాళ్ళే."

"అద్దె ఎంత?"

"ఓట్‌మీల్ కుకీల పిండి రెండు డబ్బాలు. మా ఆవిడకి చెప్పకండి."

అన్నీ ఆర్లీన్ ముందు పెట్టాను. అంత్యక్రియల కారని తల్లిదండ్రులు ఏమైనా అంటారేమోనని నా భయం. "ఈ ఊళ్ళో ఆ కారెక్కి ఏడవని ఇల్లుందా? పిల్లలనైనా నవ్వుతూ ఎక్కనీ," అంది. "కానీ నీ మాట నేను ఊరికే నమ్మను. రేపు నా కళ్ళ ముందు ఒకసారి నడిపి చూపించు. అప్పటికే ఐదు అమ్మేసిన వాళ్ళను తీసుకెళ్ళు. వెనక నా కారులో నేనొస్తా."

శుక్రవారం మధ్యాహ్నం అలాంటివాళ్ళు ఏడుగురు తేలారు, తల్లుల సంతకాలతో సహా. అందరికంటే ముందు టెస్సా. ఎనిమిదో సీటులో నేను. ముందు మైలో, ఆయన పక్కన డ్వేన్. తలుపులు మూసుకోగానే పిల్లలు ఏడుగురూ ఒక్కసారిగా కేక పెట్టారు. మైలో భుజాలు ఎగిరిపడ్డాయి. ఇన్నేళ్ళలో ఆయన కారులో కేక వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఆయన చేసిన పొరపాటు ఆ తర్వాత తెలిసింది. చెయ్యి అలవాటు కొద్దీ హెడ్‌లైట్లు వేశాడు. అలవాటు కొద్దీ నడక కంటే కాస్త వేగంగా, అంతే, కారు పోనిచ్చాడు. వెనక ఆర్లీన్ కూడా అది చూసి తన లైట్లు వేసింది. మా ఊళ్ళో మైలో కారు లైట్లు వేసుకుని మెల్లిగా వస్తోందంటే ఒకటే అర్థం: ఎవరో పోయారు, పక్కకు ఆగి తల వంచాలి.

మొదట ఎదురొచ్చిన పికప్ ట్రక్కు రోడ్డు పక్కకు దిగి ఆగిపోయింది. అందులోంచి ఒక రైతు దిగి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని తల వంచాడు.

"ఆయనెందుకు ఆగాడు?" అన్నాడు ఒక పిల్లాడు.

"మన కోసమే," అంది టెస్సా, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. అద్దం దించి చెయ్యి ఊపింది. మిగతా ఆరుగురూ ఊపారు. ఆ రైతు తలెత్తి చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత పళ్ళన్నీ కనపడేలా నవ్వి, ఆ టోపీనే గాల్లో తిప్పుతూ ఊపాడు.

మెయిన్ వీధిలోకి తిరిగాం. ముందు వెళ్తున్న కార్లు పక్కకు ఒదిగాయి. మంగలి షాపాయన దువ్వెన చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. బ్యాంకు మెట్ల మీద ఇద్దరు ఆగిపోయారు. నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు.

మైలో మెడ ఎర్రబడింది. "అయ్యయ్యో, లైట్లు వేసేశానండీ. ఆపేయనా?"

"వద్దు మైలో," అన్నాడు డ్వేన్. "ఉండనీ."

అతను వెనక్కి తిరగలేదు. కానీ పిల్లల గోలలో కూడా నాకు వినపడేంత గట్టిగానే మాట్లాడాడు. "కారోల్‌ని సాగనంపిన రోజున ఇదే దారి. వెనక ఎనిమిది సీట్లు, నేనొక్కణ్ణి. ఊరు ఊరంతా ఇలాగే ఆగింది రోండా. ఎవరెవరు ఆగారో అందరినీ చూశా. చెయ్యి ఎత్తుదామనుకున్నా, ఎత్తలేకపోయా. తర్వాత ఇంటింటికీ వెళ్ళి ఎవరికని థాంక్స్ చెప్పను?"

నేను ఏమైనా అనేలోపు తన పక్క అద్దం దించాడు. చెయ్యంతా బయటికి చాపాడు.

"థాంక్స్ బాబ్!" అని అరిచాడు మంగలి షాపాయనను చూసి. అంత మెత్తని మనిషికి అంత గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో! "థాంక్స్ లూయిస్! థాంక్స్ అందరికీ!"

అది ఆటనుకుని పిల్లలు ఏడుగురూ అందుకున్నారు. కిటికీల్లోంచి చేతులు చాపి, కనపడిన ప్రతి మనిషికీ, ఒక కుక్కకీ, గొంతు చించుకుని థాంక్స్ చెప్పారు. పిజ్జా కొట్టు దాకా అలాగే వెళ్ళాం. సంగతేమిటో ఎవరికీ తెలియకపోయినా మా ఊరివాళ్ళు అందరూ చేతులూపారు.

డోనా కొట్టు ముందు ఆర్లీన్ తన కారు దిగి, కళ్ళు తుడుచుకుని, చేతిసంచిలోంచి డైరీ తీసింది. "వచ్చే ఏడాది తేదీ కూడా నీకే రాస్తున్నా. కాగితం మాత్రం నేను చూశాకే అచ్చుకు వెళ్ళాలి," అంది. సరేనండీ అన్నాను. ఆవిడ ఎదుట నేను అంత వినయంగా ఎప్పుడూ అనలేదు.

పిల్లలు లోపలికి పరిగెత్తారు. డ్వేన్ ఇంకా ముందు సీటులోనే కూర్చుని ఉన్నాడు, అద్దం దించుకుని. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. థాంక్స్ చెప్పడం నాకు చేతకాదు. తిట్టడం చేతనవును, పని చేయడం చేతనవును. అయినా చెప్పాను. "నన్ను నిలబెట్టావు డ్వేన్. అన్న మాటకు సిగ్గుపడుతున్నాను. నీ రుణం తీర్చుకోలేను," అన్నాను, అందరికీ వినపడేలా.

అతను సీటు మీద చేత్తో తట్టాడు.

"వచ్చే శుక్రవారం కూడా ఇక్కడ నేనే కూర్చుంటా," అన్నాడు.

"ఏడు శుక్రవారాలూ నువ్వే కూర్చో," అన్నాను.